గాయానికి ముందే అర్జీ

మిలట్రీ నుంచి ఇంటికొచ్చిన మనిషి వైకల్య పింఛనుకు ఎప్పుడు అర్జీ పెట్టుకోవాలి? కంకిపాడు సెంటర్లో ఈ మాట ఎత్తితే ఒక్కొక్కరు ఒక్కో ముహూర్తం పెడతారు. ట్రంకు పెట్టె దించిన మర్నాడే పెట్టెయ్యమంటాడు ఒకాయన. క్యాంటీన్ కార్డు చేతికొచ్చేదాకా నోరెత్తొద్దంటాడు ఇంకొకాయన. ఎలక్షన్ల ముందు ఎమ్మెల్యే గారి చేత ఓ లెటరు రాయిస్తే ఫైలు దానంతటదే కదులుతుందని మూడో ఆయన భరోసా. ముగ్గురూ పొరబడ్డారు. నిబంధనలన్నీ వరసపెట్టి చదివితే తేలేది ఒకటే. అర్జీకి దివ్యమైన ముహూర్తం గాయం తగలడానికి ముందు రోజు సాయంత్రం.

ఎలాగంటారా? సియాచిన్‌లో రేపు కాలు జారి మోకాలు విరగబోతోందని జవానుకు ముందే తెలియాలి. తెలిశాక ఇవాళే గాయం రిపోర్టు ఫారం, అంటే ఐఏఎఫ్‌వై-2006, సంపాదించి జేబులో పెట్టుకోవాలి. తాను జారేటప్పుడు పక్కన ఉండేందుకు సాక్షుల్ని మాట్లాడుకోవాలి. కమాండింగ్ ఆఫీసరు గారు ఆ వారం సెలవు పెట్టలేదని కనుక్కోవాలి. అప్పుడు మంచి వెలుతురు చూసుకుని, డ్యూటీ వేళలో, యూనిఫాం మీద, నింపాదిగా జారాలి. ఇవేవీ చెయ్యకుండా ముందు జారిపడి, కాగితం సంగతి తర్వాత ఆలోచించిన అమాయకులే ఇవాళ మన ఊళ్లలో కుంటుతూ తిరుగుతున్నారు.

చట్టం చూడబోతే ఎంత సాదాగా ఉంటుందో! రెండే షరతులు. జబ్బయినా గాయమైనా సర్వీసు వల్ల వచ్చి ఉండాలి, లేదా సర్వీసు వల్ల ముదిరి ఉండాలి. రెండోది, వైకల్యం 20 శాతానికి తగ్గకూడదు. ఈ లెక్క తేల్చేది విడుదలకు ముందు కూర్చునే రిలీజ్ మెడికల్ బోర్డు. వచ్చిందీ సర్వీసు వల్ల కాదు, ముదిరిందీ సర్వీసు వల్ల కాదు అని బోర్డు రాస్తే ఫౌజీలు దాన్ని పొట్టిగా ‘నానా’ అంటారు. ఆ నాలుగక్షరాల ఇంగ్లీషు ముద్ర పడ్డ మనిషి ఇక కోర్టు పక్షే.

బోర్డు జరిగే రోజుల్లో జవాను మనసు ఎక్కడుంటుంది? విజయవాడ టిక్కెట్టు అప్పటికే రిజర్వయి ఉంటుంది. ఇంటి దగ్గర స్లాబు సగంలో ఆగి ఉంటుంది. పిల్ల సంబంధం మాట్లాడ్డానికి పెద్దమనుషులు తేదీ అడుగుతుంటారు. అలాంటి మనిషి ముందు ఏఎఫ్ఎంఎస్ఎఫ్-16 అనే కాగితాల బొత్తి పెట్టి, ఇక్కడ సంతకం, ఇక్కడ సంతకం, ఇక్కడ కూడా, అంటారు. మన వాడు సర్వీసంతా చెప్పిన చోట నిలబడ్డాడు, చెప్పిన వైపు కాల్చాడు. చెప్పిన చోట సంతకం పెట్టడం వాడికి ఓ లెక్కా? ఆ బొత్తిలోనే ఒక ప్రశ్న ఉంటుంది, ఈ జబ్బు నీకు సైన్యంలో చేరకముందే ఉందా అని. ఉంటే ఎవరు చేర్చుకున్నారయ్యా అని తిరిగి అడిగే గడి మాత్రం ఆ ఫారంలో లేదు.

చేర్చుకునే రోజు వైభవం గుర్తు తెచ్చుకోండి. తెల్లారుజామునే బందరు రోడ్డు వార పరుగులు తీసిన కుర్రాళ్లు ర్యాలీకి వెళ్తే, 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో పరుగెత్తిన వాడికే పూర్తి మార్కులు. ఛాతీ 77 సెంటీమీటర్లు ఉండాలి, ఊపిరి పీలిస్తే ఇంకో 5 పెరగాలి. పళ్లు లెక్కబెడతారు. పాదం చదునుగా ఉందా, మోకాళ్లు ఒరుసుకుంటున్నాయా, చెవిలో గుబిలి ఉందా, అన్నీ చూస్తారు. వేలల్లోంచి ఏరి తీసిన ఆ నికార్సైన సరుకు పదిహేడేళ్ల తర్వాత తిరిగొచ్చేటప్పుడు బోర్డు తీరిగ్గా తేల్చేదేమిటంటే, ఈ జబ్బు నీ శరీర తత్వంలోనే ఉంది నాయనా, మాకేం సంబంధం లేదు. ఆహా! లోపలికి పోయేటప్పుడు శరీరం దేశానిది, బయటికొచ్చేటప్పుడు అమ్మానాన్నలది.

ఈ వాదన మీదే ధరంవీర్ సింగ్ అనే సిగ్నల్స్ కోర్ జవాను సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 1985లో చేరాడు, మూర్ఛలు వస్తున్నాయని 1994లో 20 శాతం వైకల్యంతో ఇంటికి పంపారు. పింఛను మాత్రం లేదన్నారు. సుప్రీంకోర్టు 2013 జులైలో చెప్పింది: చేరేటప్పుడు రాసి పెట్టని జబ్బు సర్వీసులోనే వచ్చిందని అనుకోవాలి, కాదని రుజువు చేసే బరువు సర్కారుదే, సందేహముంటే ఆ లాభం జవానుకే చెందాలి. ఎంత మంచి తీర్పు! పంతొమ్మిదేళ్లు మాత్రమే పట్టింది. మర్నాటి నుంచి మెడికల్ బోర్డులన్నీ ఈ తీర్పు అద్దం కట్టించి గోడకు తగిలించుకుని ఉంటాయని మీరనుకుంటే, మీరింకా సివిలియన్లే.

శాతాల మాట కొద్దాం. డెల్టా రైతుకు శాతాలతో పాత పరిచయం. ధాన్యంలో తేమ 17 శాతం దాటకూడదు. తుపానుకు పంట 33 శాతానికి తగ్గకుండా పోవాలి, లేకపోతే ఇన్‌పుట్ సబ్సిడీ రాదు. మిగ్‌జాం తుపాను వెళ్లాక 2023 డిసెంబరులో పడిపోయిన చేల గట్ల మీద నిలబడి, మా చేనుకు ఇంకో రెండు శాతం నష్టం వెయ్యండి బాబూ అని బతిమాలుకున్న రైతులకు ఈ బాధ వివరించి చెప్పనక్కర్లేదు. జవాను ఒళ్లు కూడా ఆ చేను లాంటిదే. వైకల్యం 20 శాతముంటే పింఛను, 19 అయితే దండం. అందుకే పాత బోర్డు కాగితాల్లో ‘15 నుంచి 19 శాతం’ అన్న మాట కనబడుతూ ఉంటుంది. నడుం నొప్పిని 19 దగ్గర ఆపగలిగిన వైద్యం మన మిలట్రీ డాక్టర్ల దగ్గరే ఉంది. నొప్పిని మాత్రం ఆపలేరనుకోండి. పనికిరావని ఇంటికి పంపేశాక వైకల్యం 20 దాటినట్టే లెక్క అని 2014లో సుఖ్‌విందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అనాల్సొచ్చింది. ఉద్యోగం చెయ్యలేనంత జబ్బు, పింఛను ఇవ్వలేనంత ఆరోగ్యం ఒకే ఒంట్లో ఎలా ఇముడుతాయన్న ధర్మసందేహం అప్పటికి గానీ ఎవరికీ కలగలేదు.

ఇంతకీ సర్వీసులో ఉండగానే నొప్పి సంగతి చెప్పొచ్చుగా అంటారు తెలివైన వాళ్లు. మా వైపు ఒక పెద్దాయనున్నారు. ఫిరంగి పక్కన నిలబడి సర్వీసంతా గడిపిన మనిషి. పింఛను పోర్టల్లో ఏదో నింపడానికి అన్న కొడుకుని వెంటబెట్టుకుని నెట్ సెంటరుకు వచ్చారు. బొటనవేలు రేఖలు అరిగిపోయి మిషను ఒప్పుకోవడంలేదు. వేలు పంచెకు తుడుచుకోవడం, మళ్లీ నొక్కడం.

“బాబాయ్, చెవులు వినపడట్లేదని సర్వీసులో ఎప్పుడన్నా చెప్పావా?”

“ఆఁ?”

“చెవులు! సిక్ రిపోర్టు చేశావా అంటున్నా!”

“రిపోర్టు చేస్తే కేటగిరీ దించరట్రా? ఇంక హవల్దారు అయినట్టే!”

అదీ సంగతి. నొప్పి చెబితే లో మెడికల్ కేటగిరీ, కేటగిరీ పడితే ప్రమోషను గోవిందా. చెప్పకపోతే రికార్డు లేదు, రికార్డు లేకపోతే పింఛను గోవిందా. కడుపున పుట్టిన పిల్లల ఫీజుల కోసం నోరు మూసుకున్న వాడి మౌనాన్ని సర్కారు ఆరోగ్యం కింద రాసుకుంది. ఇప్పుడాయన టీవీ పెడితే వీధి చివరికి వినబడుతుంది. డిశ్చార్జి బుక్కులో మాత్రం చెవులు భేషుగ్గా ఉన్నాయి.

సరే, నానా పడింది. ఇప్పుడు గడియారం మొదలవుతుంది, అదీ ఒక్క వైపే. మొదటి అప్పీలుకు జవానుకు ఆరు నెలలు. అది కొట్టేస్తే రెండో అప్పీలుకు ఇంకో ఆరు నెలలు. అదీ పోతే సాయుధ బలగాల ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి మరో ఆరు నెలలు. ఏ ఆరు నెలలు దాటినా ఎందుకు ఆలస్యమైందో ప్రమాణపత్రం రాయాలి. మరి అవతల కూర్చున్న వాళ్లకు గడువు ఉందా? ఉంది. ఆరు నెలలు గమ్మున కూర్చుంటే అదే తిరస్కారం కింద లెక్క, ట్రిబ్యునల్‌కు వెళ్లిపోవచ్చని 2007 చట్టంలోనే రాశారు. చెయ్యని పనికి చట్టబద్ధంగా ఫలితం దక్కే ఉద్యోగం ఇంకెక్కడన్నా ఉందేమో చెప్పండి. మా పిల్లల చేత దరఖాస్తు పెట్టిస్తాను.

ట్రిబ్యునల్ అంటే పక్కనే అనుకునేరు. హైకోర్టు కృష్ణ దాటితే చాలు, అమరావతిలోనే ఉంది. మన మాజీ సైనికుడి ట్రిబ్యునల్ బెంచి మాత్రం చెన్నైలో. మోకాలు లేని వాడు మోకాలి కేసు కోసం రాత్రి బండి ఎక్కి పై బెర్తు ఎక్కాలి. ఆ నిచ్చెన ఎక్కగలిగాడంటే వైకల్యం 19 శాతమేనని బోర్డు వాదించినా వాదించొచ్చు. 2015లో ఒక తీర్పు పుణ్యమా అని, ట్రిబ్యునల్లో ఓడితే హైకోర్టు తలుపు కూడా మూతపడింది. నేరుగా సుప్రీంకోర్టుకే వెళ్లాలి, అదీ కేసులో సాధారణ ప్రజా ప్రాముఖ్యం గల న్యాయ సమస్య ఉంటేనే. అంటే కంకిపాడు మండలంలో ఒక సిపాయి మోకాలు యావద్భారతానికీ ముఖ్యమని రుజువు చెయ్యాలి! 2023లో సుప్రీంకోర్టే ఆ తలుపు మళ్లీ తెరిచింది. మధ్యలో ఎనిమిదేళ్లు.

అసలు ముహూర్తం రహస్యమంతా తర్సేమ్ సింగ్ కేసులో ఉంది. ఆయన్ని 1983లో అనారోగ్యం మీద ఇంటికి పంపారు. 1999లో కోర్టుకెక్కాడు. 2008లో సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, నెలనెలా రావాల్సిన పింఛను నెలనెలా ఆగడం నిరంతరంగా సాగే అన్యాయం, కాబట్టి ఆలస్యంగా వచ్చావని తలుపు మూయకూడదు. చాలా బావుంది. బకాయిలు మాత్రం కోర్టుకు రావడానికి ముందు మూడేళ్లవే. అన్యాయం నిరంతరం, బకాయి మూడేళ్లు.

ఆ లెక్కన చిట్టా వేసి చూడండి. ఇరవై ఏళ్లు ఆలస్యంగా మేలుకున్న ఒక సిపాయికి నెలకు 2,000 రూపాయలే రావాలనుకుందాం. మూడేళ్లు పోను పదిహేడేళ్లు, అంటే 204 నెలలు, 4,08,000 రూపాయలు సర్కారుకు మిగులు. వడ్డీ నేను వెయ్యలేదు, వేస్తే రక్షణ బడ్జెట్లో ఆదాయం పద్దు కింద చూపించాల్సొస్తుంది. ఒకడికి ఫారం గురించి చెప్పకపోతే నాలుగు లక్షలు కలిసొస్తున్నప్పుడు ఏ ఆఫీసు మాత్రం పనిగట్టుకుని చెబుతుంది?

ఇంకా ఆలస్యమైతే ఇంకా సొగసు. ఆర్మీ నిబంధనల ప్రకారం పింఛనుదారు సర్వీసు కాగితాలు 50 ఏళ్లు దాచాలి. పింఛను లేని వాడివి 25 ఏళ్లు దాటితే నాశనం చేసెయ్యొచ్చు. పదిహేనేళ్ల సర్వీసు నిండకుండా, పింఛను ఇవ్వకుండా, జబ్బుతో ఇంటికి పంపిన మనిషి ముసలితనంలో ఎవరో చెబితే అర్జీ పెట్టాడనుకోండి. అయ్యా, మీ కాగితాలు నాశనమయ్యాయి అని జవాబు. వీడికి పింఛను ఎందుకివ్వలేదో చెప్పే కాగితం, వీడికి పింఛను లేదు కాబట్టి తగలడిపోయింది. ఇంత అందమైన వలయం గీయడానికి ఎన్ని తరాల గుమస్తాలు కష్టపడ్డారో!

జబ్బులకు కూడా క్రమశిక్షణ ఉండాలి. విడుదలయ్యాక ఆలస్యంగా బయటపడే రోగానికి బీజం సర్వీసులోనే పడిందని వైద్యాధికారి ఒప్పుకుంటే దానికీ అర్హత ఉందని 1982 నిబంధనల్లో రాశారు. ఏడేళ్లలోపు బయటపడాలి, అంతే. ఎనిమిదో ఏట తీరిగ్గా తల ఎత్తిన రోగానిది అవిధేయత. పోస్టింగు కూడా చూసుకోవాలి. జబ్బు మొదట కనబడింది పీస్ స్టేషన్‌లో, అంటే గొడవల్లేని చోట, కాబట్టి సర్వీసుకు సంబంధం లేదని బోర్డులు రాయడం మామూలు. ఆ ఒక్క కారణం చాలదని ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో మందలించింది. మనం చలిమంట ముందు వేడి కాపుచినో తాగుతుంటే వాళ్లు సరిహద్దులో మంచుగాలికి నిలబడుతున్నారని జడ్జీలు గుర్తుచెయ్యాల్సొచ్చింది. మన వైపు కాపుచినో తక్కువ. ఆగస్టు 15న బడి ముందు శాలువా కప్పి, జై జవాన్ అని అరిచి, అది భుజం మీంచి దిగకముందే “బాబాయ్, ఈ నెల క్యాంటీన్ కోటా వచ్చిందా?” అనడగటం మన కృతజ్ఞతా పద్ధతి.

గెలిచిన వాడి గతీ చూడాలి. 100 శాతం వైకల్యానికి ఆఖరి జీతంలో 30 శాతం ఇస్తారు, 20 శాతానికి అందులో ఐదో వంతు. జీతం 40,000 అయితే 2,400 రూపాయలు. శాతాలు వేయడంలో డాక్టర్ల మధ్య తేడాలొస్తాయని, 50కి తక్కువైతే 50గా లెక్కగట్టే పద్ధతి 1996 నుంచి పెట్టారు. అదే మనిషికి 6,000 అవుతుంది. మధ్యలో ఇంటికి పంపిన వాళ్లకే ఆ లాభం, సర్వీసు పూర్తి చేసిన వాళ్లకు లేదని సర్కారు పట్టుబట్టింది. చివరిదాకా కొలువు చేసిన పాపానికి కోత! ఆ వాదనతో వేసిన వందల అప్పీళ్లను సుప్రీంకోర్టు 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసుతో కలిపి కొట్టేసింది. మనోహర్ పారికర్ రక్షణ మంత్రిగా ఉండగా వేసిన నిపుణుల కమిటీ కూడా 2015లో, సొంత జవాన్ల మీద ఈ అప్పీళ్ల గోలేమిటని చీవాట్లు పెట్టింది. నివేదిక అందింది. ఎక్కడో భద్రంగా ఉంది, అది మాత్రం 25 ఏళ్లకు తగలబడదు.

ఒక మాట ఒప్పుకోవాలి. దొంగ వైకల్యాలు లేవని నేననను. 2015-16 నుంచి 2019-20 దాకా రిటైరైన వాళ్ల లెక్కలు కాగ్ 2023లో బయటపెడితే, అధికారుల్లో నూటికి దాదాపు 40 మంది వైకల్య పింఛనుతో దిగారని, ఇతర ర్యాంకుల్లో 18 మందేనని తేలింది. బీపీ, షుగరు వాటా అందులో తక్కువేం కాదు. బరువు మోసే వాడి నడుం కంటే ఫైలు మోసే వారి బీపీ ఎక్కువ దెబ్బతింటుందన్నమాట. దీనికి విరుగుడుగా అదే ఏడాది సెప్టెంబరు 21 నుంచి కొత్త నిబంధనలు దిగాయి. ఇంగ్లీషు తెలిసిన వాళ్లు ఇదివరకు ఫారం నింపారు, కొత్త ఫారం కూడా నింపుకుంటారు. బిగించిన మర మాత్రం సిపాయి దగ్గర గట్టిగా బిగుస్తుంది.

డాలస్‌లో ఉన్న మన మనవళ్లు ఫోన్లో చెబుతుంటారు. అక్కడి సైనికుడు దిగిపోవడానికి 180 నుంచి 90 రోజుల ముందే అర్జీ పెట్టుకోవచ్చట, దిగిన ఏడాదిలోపు పెడితే విడుదలైన మర్నాటి నుంచే లెక్కగడతారట. అక్కడా జాప్యాలున్నాయి, కోర్టులున్నాయి. కానీ ‘ఎప్పుడు’ అన్న ప్రశ్నకు ఒక తేదీ చెబుతారు. మన దగ్గర జ్యోతిషం చెబుతారు.

ఇక ఇప్పుడు పరుగులు తీస్తున్న కుర్రాళ్ల సంగతి. వాళ్లకు నాలుగేళ్లే కొలువు, పింఛను బెడదే లేదు. అగ్నివీరుడికి వైకల్యం వస్తే 100 శాతానికి 44 లక్షలు, 75కి 25 లక్షలు, 50కి 15 లక్షలు ఒకసారి ఇచ్చి చెయ్యి దులుపుకుంటారు. అదీ సర్వీసు వల్లేనని తేలితే. అంటే నానా అక్కడా కాచుకునే ఉంటుంది. వాళ్లలో ఎవరన్నా అడిగితే నేను చెప్పేది ఇంతే. అబ్బాయ్, ప్రమోషను నీకెలాగూ లేదు, కాబట్టి సిగ్గుపడకు. దెబ్బ తగిలిన పూటే సిక్ రిపోర్టు చెయ్యి, గాయం రిపోర్టు నంబరు రాసుకో, బోర్డు రోజున సంతకం పెట్టే ముందు కాగితం చదివించుకో, నకలు అడుగు. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టు. ఈ వ్యవహారం మొత్తంలో సర్కారు మీద నడిచే గడియారం ఏదన్నా ఉందంటే అదొక్కటే. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే అప్పీలు చేసుకోవచ్చు, దానికి నీకు గడువు 30 రోజులు.